తూకానికి పోతున్న ట్రాక్టర్లు

మొన్న ఆదివారం ఊరికి ఫోన్ చేస్తే మా పెద్దబాపు కొడుకు మాటల మధ్యలో ఒక సంగతి చెప్పాడు. "తమ్మీ, పాత బండిని పంపిచ్చినం. కొట్టం ముందట జాగ అంత ఖాళీ అయింది."

"ఎక్కడికి పంపినవే అన్నా?" అని అడిగాను.

"ఎక్కడికేంది, తూకానికి. నలభై ఆరు వేలు వచ్చినయి. వాళ్లే గ్యాస్ కట్టర్ తెచ్చుకున్నరు. ఇక్కడ్నే కోసి, డీసీఎంల ఏసుకొని పోయిండ్రు."

ఆ బండి హెచ్‌ఎంటీ 2511. ఇరవై ఐదు హార్స్‌పవర్ ఇంజను. 1979లో పెద్దబాపు భూమి తనఖా బ్యాంకులో అప్పు తీసుకొని కొన్నాడు. పోచంపాడు కాలువ నీళ్లు మన పొలాలకు కూడా వస్తాయన్న ధీమాతో చేసిన అప్పు అది. కాలువ నీళ్లు రావడానికి చాలా ఏండ్లు పట్టింది. ట్రాక్టర్ మాత్రం వచ్చిన రోజు నుంచే పనిలో పడ్డది. ఊరిలో సగం పొలాలకు కరిగెట దున్నింది అదే. వడ్లు మార్కెట్‌కు, ఇటుకలు ఇంటికి, పెండ్లి జనం పొరుగూరికి, పురుటి నొప్పులు పడే ఆడబిడ్డ దవాఖానకు చేరింది దాని ట్రాలీలోనే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. రెండేండ్ల కిందట అన్న కొత్త ట్రాక్టర్ కొన్నప్పుడు ముందు కట్టే పైసలు ఇక్కడి నుంచి పంపింది నేనే. "పాతది ఇంకెందుకు, అమ్మేయరాదు" అని ఫోన్‌లో అన్నదీ నేనే. కాబట్టి ఈ సంపాదకీయం ఎవరినో తప్పుపట్టడానికి రాస్తున్నది కాదు. పరాయి దేశంలో కూర్చొని ఊరి మీద ప్రేమను వారం వారం చాటుకునే మనలాంటి వాళ్లం ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నది. బాగు చేసుకోగల యంత్రాన్ని, బాగు చేస్తారా అని కూడా ఎవరినీ అడగకుండా, ఇనుము లెక్కన ఎందుకు అమ్మేస్తున్నాం?

పాత ట్రాక్టర్లన్నిటినీ దాచిపెట్టాలని ఎవరూ అనరు. అది సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. కానీ పల్లె బతుకును మార్చిన మొదటి తరం యంత్రాల్లో ఊరికి ఒక్కటి కాదు, జిల్లాకు ఒక్కటి కూడా మిగలకుండా కొలిమికి పోతుంటే, అది పాత సామాను వదిలించుకోవడం కాదు. మన సొంత చరిత్రను తూకం వేసి అమ్ముకోవడం.

ఆ చరిత్ర ఎంత దగ్గరిదో ఒకసారి గుర్తు చేసుకుందాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో ట్రాక్టర్ అంటే దిగుమతి సరుకే. 1960 ప్రాంతంలో ఫరీదాబాద్‌లో ఐషర్, మద్రాసులో టాఫే మొదలయ్యాయి. 1963లో మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బి-275 తయారీకి దిగారు. 1971లో ఎస్కార్ట్స్ ఫ్యాక్టరీ నుంచి ఫోర్డ్ ట్రాక్టర్లు, హర్యానాలోని పింజోర్ నుంచి చెకోస్లోవేకియా జీటర్ సాంకేతికతతో ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీ ట్రాక్టర్లు రావడం మొదలయింది. 1974లో స్వరాజ్ వచ్చింది. దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధనా సంస్థలో మన ఇంజినీర్లే గీసుకున్న నమూనా అది. విదేశీ కంపెనీ చెయ్యి పట్టుకోకుండా మనం తయారు చేసుకున్న ట్రాక్టర్ కాబట్టే దానికి ఆ పేరు.

మన ఊళ్లలో రేకుల షెడ్ల కింద, చింతచెట్ల కింద తుప్పు పట్టి నిలబడ్డవి ఇవే. మాసీ 1035 అయితే, దాని వంశం ఇంగ్లండ్ దాకా పోతుంది. ట్రాక్టర్ వెనుక గొర్రును హైడ్రాలిక్‌తో ఎత్తి దించే లిఫ్ట్ ఉన్నది కదా, దాన్ని మూడు బిందువుల దగ్గర బిగించే పద్ధతిని జనంలోకి తెచ్చింది ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. ఆయన పేరు మీద కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా ఐదు లక్షలకు పైగా చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు తయారయ్యాయి. వాటి తర్వాతి తరాల్లో వచ్చిన మాసీ, మద్రాసులో తయారై, సింప్సన్ ఇంజను పెట్టుకొని మన మడికట్ల దాకా వచ్చింది. ఇంత కథ ఉన్న బండిని మనం కిలో లెక్కన అమ్ముతున్నాం.

మరి ఏ పాత బండికీ మన దగ్గర విలువ లేదా? ఉన్నది. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. నిజాం కోసం చేయించిన 1912 నాటి కారు. దాన్ని బాగు చేసి, తుడిచి, అద్దాల వెనుక పెట్టారు. మంచిదే. అది కూడా మన చరిత్రే. కానీ ఆ కారు మన తాతలెవరినీ ఎక్కించుకోలేదు. ఎక్కించుకున్న బండి మాత్రం డీసీఎంలో ముక్కలుగా పోయింది.

చట్టం చూపు కూడా అటే ఉన్నది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏండ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండిని 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరుతో రిజిస్టర్ చేసుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి రుసుము 20,000 రూపాయలు. అయితే ఆ సౌకర్యం ద్విచక్ర వాహనాలకు, కార్లకు మాత్రమే. ట్రాక్టర్ ఆ జాబితాలో లేదు. దొరల గ్యారేజీలో కారు 50 ఏండ్లు బతికితే వారసత్వం, రైతు కొట్టంలో ట్రాక్టర్ 50 ఏండ్లు బతికితే తుక్కు. కావాలని ఎవరో కుట్ర చేసి ఇట్లా రాశారని కాదు. రాసేవాళ్లకు ట్రాక్టర్ గుర్తుకు రాలేదు, అంతే. గుర్తుకు రాకపోవడమే అసలు సమస్య.

దీనికి తోడు పుకార్లు. పదేండ్లు దాటిన ట్రాక్టర్‌ను తప్పనిసరిగా తుక్కు చేయాలంటూ వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. అందులో నిజం లేదని 2023 మార్చిలో రవాణా శాఖే వివరణ ఇచ్చింది. వ్యవసాయ ట్రాక్టర్‌కు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు. ఆ తర్వాత ఐదేండ్లకొకసారి పొడిగించుకోవచ్చు. కొన్ని ప్రభుత్వ వాహనాలకు తప్ప దేనికీ ఇంత వయసుకు తుక్కు చేయాలన్న నిబంధన పెట్టలేదని ఆ వివరణ సారాంశం. పుకారు ఊరంతా పోయింది, వివరణ మండలం దాటలేదు. "ఎట్లన్న గుంజుకపోతరట, ఇప్పుడే అమ్ముకుంటె నాలుగు పైసలన్న వస్తయి" అని అమ్ముకున్నవాళ్లు ఉన్నారు.

పుకారు కంటే పెద్ద అడ్డంకి కాగితాలు. మా ఇంటి సంగతే చెబుతాను. ఆర్‌సీ పెద్దబాపు పేరు మీదనే ఉన్నది. ఆయన పోయి పదకొండేండ్లు. అప్పు ఎప్పుడో తీరింది కానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అట్లాగే ఉన్నది. పేరు మార్పించాలంటే వారసుల సంతకాలు కావాలి. ఆ వారసుల్లో ఒకరు మస్కట్‌లో, ఒకరు బొంబాయిలో, ఇంకొకరు హైదరాబాద్‌లో. అన్న రెండుసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగి వదిలేశాడు. కాగితాలు సరిగ్గా లేని బండిని ఇంకో రైతు కొనడు. బడి కొనదు, కాలేజీ కొనదు. కాగితం అడగకుండా కొనేది తుక్కు వ్యాపారి ఒక్కడే. చాలా ట్రాక్టర్లు ఇంజను చెడిపోయి కాదు, ఆర్‌సీ చెడిపోయి తూకానికి పోతున్నాయి.

రైతు వైపు నుంచి కూడా చూడాలి. ఇవాళ పొలాలకు రోటవేటర్ కావాలి. దాన్ని లాగడానికి నలభై, యాభై హార్స్‌పవర్ కావాలి. ఇరవై ఐదు హార్స్‌పవర్ బండి దానికి చాలదు. బ్రేకులు సరిగ్గా పడని పాత ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి, ముప్పై మంది కూలీలను ఎక్కించి రోడ్డెక్కితే ఏమయితుందో మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అట్లాంటి బండిని రోడ్డు మీది నుంచి తీసేయాల్సిందే. అందులో వాదన లేదు. మా అన్నకు మెకానిక్ ఫుల్ ఇంజను పనికి, లైనర్లు, పిస్టన్లు, క్రాంకు గ్రైండింగు, పంపు, నాజిళ్లు అన్నీ కలిపి లక్షా పదివేలు చెప్పాడట. తూకానికేస్తే చేతికి నలభై ఆరు వేలు. అప్పుల్లో ఉన్న రైతు ఏ లెక్క చూస్తాడు? ఆయన చేసింది తప్పు కాదు. ఆయన ముందు రెండే దారులు పెట్టిన మనది తప్పు.

ఎందుకంటే బాగు చేయడం, తూకానికేయడం కాకుండా మూడో దారి ఉన్నది. బరువుకు ఎంత వస్తుందో అంత రైతు చేతిలో పెట్టి, బండిని కొయ్యకుండా ఇంకో చోటికి తరలించడం. రైతుకు ఒక్క రూపాయి నష్టం లేదు. కావాల్సింది తీసుకునే చెయ్యి.

ఇక్కడ అమెరికా ముచ్చట చెప్పక తప్పదు. మనవాళ్లలో చాలామంది ఉండే మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో వేసవి చివర పాత ట్రాక్టర్ల జాతరలు చూసే ఉంటారు. అయోవాలోని మౌంట్ ప్లెజెంట్‌లో 1950 నుంచి ఏటా లేబర్ డేతో ముగిసేలా ఐదు రోజుల పాటు అట్లాంటి జాతర జరుగుతున్నది. ఆవిరితో నడిచే నూర్పిడి యంత్రాలు, 1930ల నాటి జాన్ డీర్లు, ఎర్రటి ఫార్మాల్‌లు పొగలు కక్కుకుంటూ నడుస్తాయి. తాత స్టీరింగ్ పట్టుకుంటే మనవడు మడ్‌గార్డు మీద కూర్చుంటాడు. మనం పిల్లలను తీసుకపోయి ఫొటోలు దిగి, "వీళ్లకు ఎంత పట్టింపో" అని మెచ్చుకొని వస్తాం.

వాళ్లకు పుట్టుకతోనే ఆ పట్టింపు లేదు. వాళ్లూ కరిగించారు. 1942లో, యుద్ధం మధ్యలో, నెబ్రాస్కాలో ఒక దినపత్రిక మొదలుపెట్టిన ఇనుము సేకరణ పోటీ ఆ తర్వాత దేశమంతా పాకింది. పొలాల గట్ల మీద నిలబడ్డ పాత ఆవిరి ఇంజన్లు, తొలినాటి ట్రాక్టర్లు లెక్కలేనన్ని కొలుములకు పోయాయి. యుద్ధం అయిపోయాక మిగిలినవి చూసుకుంటే ఎంత పోయిందో అర్థమయింది. మౌంట్ ప్లెజెంట్ లాంటి జాతరలు మొదలయింది ఆ తర్వాతనే. మొదలుపెట్టింది కూడా ప్రభుత్వం కాదు. ఆ యంత్రాలతో పని చేసిన రైతులే.

ఇంకో సంగతి. అమ్మకానికి వచ్చే ప్రతి ట్రాక్టర్ నమూనాను పరీక్షించాలని నెబ్రాస్కా 1919లోనే చట్టం చేసింది, కంపెనీలు చెప్పే గొప్పలకు రైతు మోసపోకుండా. లింకన్‌లో ఆ పరీక్షలు జరిగిన పాత భవనమే ఇప్పుడు ట్రాక్టర్ మ్యూజియం. మన దగ్గరా పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, పక్కనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు వ్యవసాయ యంత్రాలను పరీక్షిస్తున్నాయి. పరీక్షించడం మనకు తెలుసు. దాచుకోవడమే తెలియలేదు.

పాత బండితో పాటు పోయేది ఇనుము ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. దాని వెంట ఒక పనితనం పోతున్నది. మా మండల కేంద్రంలో ఉన్న మెకానిక్ ఏ కాలేజీలోనూ చదవలేదు. బండి స్టార్ట్ చేసి, పొగ రంగు చూసి, పంపు టైమింగా, రింగులా, నాజిలా చెప్పేస్తాడు. 2016లో కేంద్ర మంత్రివర్గం పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి కొత్త సామాన్ల కోసం వెతుకులాటే. ఆయన పాత బండ్ల నుంచి విప్పుకొని, లేతు మీద చేయించుకొని నెట్టుకొస్తున్నాడు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. ఆ షెడ్డు మూతపడ్డ రోజు ఆ విద్యా మూతపడ్డట్టే.

ఇది పాతకాలపు మోజు కాదు, రేపటి అవసరం. కంప్యూటర్లు నిండిన కొత్త ట్రాక్టర్లను సొంతంగా బాగు చేసుకోనివ్వడం లేదని అమెరికా రైతులు ఏండ్ల తరబడి కొట్లాడుతున్నారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలను బాగు చేసుకునే హక్కు రైతుకు ఇస్తూ చట్టం చేసింది. ఆ కంప్యూటర్ల బాధ లేదన్న కారణంతోనే 1970, 80ల నాటి ట్రాక్టర్లను ఇక్కడి రైతులు వేలంలో పోటీ పడి కొంటున్నారు. స్పానర్ పట్టుకుంటే బాగయ్యే యంత్రం ఎంత స్వేచ్ఛో వాళ్లకు తెలిసివచ్చింది. మనం ఆ స్వేచ్ఛను చేతిలో ఉండగానే కిలోల లెక్కన వదులుకుంటున్నాం.

ట్రాక్టర్ జ్ఞాపకం అంతా తీపి కూడా కాదు. అది ఊరికి వచ్చినప్పుడు నాగలి పట్టిన జీతగాళ్ల పని పోయింది. కౌలుకు ఇచ్చిన భూములను సొంత సేద్యం పేరుతో వెనక్కి తీసుకున్న పెద్ద ఆసాములు ఉన్నారు. మరోపక్క జీతగాని కొడుకు స్టీరింగ్ పట్టుకొని డ్రైవర్ అయ్యాడు. ఆ డ్రైవింగు చేతిలో పెట్టుకొనే కొందరు గల్ఫ్ విమానం ఎక్కారు. దుబాయి నుంచి పంపిన పైసలతో అదే ఇంటి ముందు సొంత ట్రాక్టర్ నిలబెట్టుకున్నవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో చాలామంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మనం చెప్పుకునే వలస కథలో ట్రాక్టర్‌కు కూడా చోటు ఉన్నది. ఈ మంచీ చెడూ రెండూ చెప్పడానికి ఆ యంత్రం కళ్ల ముందు ఉండాలి. మన చరిత్రను ఇంకెవరో రాశారని, మనల్ని వదిలేసి రాశారని బాధపడ్డవాళ్లం మనం. ఇప్పుడు ఆ చరిత్ర ఆనవాళ్లను మనమే చెరిపేసుకుంటే ఎవరిని అడుగుతాం?

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు.

మొదటిది, 2021 వింటేజ్ నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టర్‌ను చేర్చాలి. రోడ్డు మీద తిప్పకుండా ప్రదర్శనకు మాత్రమే ఉంచుకునే బండికి రుసుము నామమాత్రంగా ఉండాలి. ఇది కేంద్రం చేతిలోని పని. మన ఎంపీలు ఒక్క ప్రశ్న వేస్తే కదిలే పని.

రెండోది, గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి 40 ఏండ్లు దాటిన ట్రాక్టర్ వస్తే, కోసే ముందు ఫొటో, ఛాసిస్ నంబరు నమోదు చేసి, నెల రోజులు ఆగాలి. ఆ నెలలో తూకం ధరకు కొనుక్కునే మొదటి అవకాశం ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉండాలి.

మూడోది, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక పెద్ద రేకుల షెడ్డు. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ కోర్సు ఇప్పటికే ఉన్నది. ఆ పిల్లలకు పాత బండిని విప్పి బిగించడమే ప్రాక్టికల్ పరీక్షగా పెడితే, బండి బాగవుతుంది, విద్య చేతికి వస్తుంది. మా మెకానిక్ లాంటి వాళ్లను వారానికి రెండు రోజులు గురువులుగా పిలవాలి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారు చేస్తున్న రాష్ట్రం మనది. ఆ కార్మికుల పిల్లలకు తాతల నాటి ట్రాక్టర్ చూపించాలంటే తుక్కు దుకాణానికి తీసుకపోయే పరిస్థితి ఉండకూడదు.

నాలుగోది మన పని. ఏటా మన సంఘాల వేడుకలకు, పాటల రాత్రులకు పెట్టే ఖర్చు మనకు తెలుసు. ఒక్క విందు ఖర్చుతో నాలుగైదు బండ్లను కోతకు పోకుండా ఆపవచ్చు. పైసల కంటే ముందు సంతకాలు. ఊరికి పోయినప్పుడు గుడికి పోయినట్టే ఒక పూట ఆర్టీఏ ఆఫీసుకు కూడా పోయి, ఆర్‌సీ మీది పేరు మార్పించడానికి మన వంతు సంతకం పెట్టి రావాలి. విదేశాల్లో ఉన్న వారసుల సంతకాలు లేకనే ఆగిపోయిన బండ్లు ఎన్నో. ఆ బండిని నడిపిన డ్రైవర్‌ను, బాగు చేసిన మెకానిక్‌ను కూర్చోబెట్టి ఫోన్‌లో వాళ్ల మాటలు రికార్డు చేయాలి. దానికి ఏ జీవో అవసరం లేదు.

మా పెద్దబాపు బండి ఇక రాదు. ఈపాటికి ఏ కొలిమిలోనో కరిగి కడ్డీ అయి ఉంటుంది. మొన్న మళ్లీ ఫోన్ చేసి అన్నను అడిగాను, చుట్టుపక్కల ఇంకేమన్నా ఉన్నాయా అని. పక్క ఊరిలో ఒక ఫోర్డ్ 3600, వాగు అవతల ఒక మాసీ ఉన్నాయన్నాడు. "ఫోర్డోళ్లు గూడ బేరం మాట్లాడుతున్నరట" అని కూడా అన్నాడు. ఆ ఇంటివాళ్ల పిల్లగాడు డాలస్‌లో ఉంటాడట. నంబరు దొరికింది, ఈ రాత్రే మాట్లాడుతున్నాను.

ఇది చదివాక మీరూ ఊరికి ఒక ఫోన్ చేయండి. కొట్టం వెనుక ఏం ఉన్నదో అడగండి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉన్నదో అడగండి. తూకం వేసేవాళ్లు రాకముందే అడగండి.